వెదుకకయే దొరకిన వ్యాధులు

వెదుకబోయిన తీగ కాలికి తగిలినదని మనవారి సామెత. వెదుకని తీగ కాలికి తగిలినయెడల నేమి చేయవలెనో ఆ సామెత చెప్పలేదు. ఖమ్మము మొదలుకొని భద్రాచలపు టడవి యంచు వరకు నేడు పెక్కు కుటుంబములు చిక్కుకొనుచున్న ప్రశ్న యిదియే. ఇంటి పెద్ద జారిపడును. ఎముక విరిగినదో, తలలో నెత్తురు చేరినదో తెలిసికొనుటకై ఆసుపత్రికి గొనిపోయి స్కాను తీయింతురు. ఎముక విరుగలేదు, తలలో నెత్తురు లేదు. కాని మూత్రపిండముపై గడ్డ యొకటియో, ఊపిరితిత్తిలో మచ్చ యొకటియో, మెదడు పొరపై చిన్న కణితి యొకటియో కానవచ్చును. దానిని వెదుకుమని యెవరును కోరలేదు. అయినను చూచిన పిదప చూడనట్లుండుట ధర్మము కాదు. ఆ వార్త యెవరిది? దాని నెవరు చెప్పవలెను? ఎవరికి చెప్పవలెను? ఈ మూడు ప్రశ్నలకును మన వైద్యశాలలలో స్థిరమైన సమాధానము లేకపోవుట వలన కొన్నియెడల ప్రాణములును, కొన్నియెడల పొలములును పోవుచున్నవి.

మన ప్రాంతమున పెద్దలు పడు తీరు లనేకములు. ఇప్పపూవు రాలు దినములలో తెల్లవారకమునుపే బుట్ట చంకనిడుకొని చెట్ల క్రిందికి పోవు అవ్వలు రాళ్లపై తొట్రుపడి కూలుదురు. తునికాకు కోతకు పోయినవారు వాగుల గట్లపై జారుదురు. ముదిమి వచ్చినను తాడిచెట్టును వదలని తాతలు కొందరు గలరు. పల్లెలలో పాచిపట్టిన నూతిగట్టు, పశువుల కొట్టములోని తడినేల, వానకు మెత్తబడిన పొలము గట్టు; పట్టణములలో క్రొత్తగా నునుపు బండలు పరచిన స్నానపు గది, మనుమని మోటారు సైకిలు వెనుక ఒక ప్రక్కకు కూర్చుండి పోవునప్పు డెదురగు గుంట; ఇవి యన్నియు పడుటకు తావులే.

ఇది యొక్క మన జిల్లాల విషయము కాదు. అరువదియైదేండ్లు దాటినవారిలో నూటికి 28 మొదలు 35 మంది వరకు ఏటేట ఒకమారైనను పడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించిన నివేదిక చెప్పుచున్నది. పడుటచే లోకమున నేటేట మరణించువారు 6,84,000 మంది యనియు, వారిలో నూటికి ఎనుబదిమందికి పైగా స్వల్ప, మధ్యమాదాయములుగల దేశములవారే యనియు ఆ సంస్థయే యంచనా వేసినది. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున అరువదియేండ్లు దాటినవారు పది కోట్లను మించియుండిరి. 2023 డిసెంబరులో మాజీ ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు ఎర్రవల్లిలోని తమ గృహమున జారిపడగా తుంటియెముక విరిగి, హైదరాబాదున శస్త్రచికిత్స జరిగిన సంగతి పాఠకు లెరుగుదురు. నేల జారునప్పుడు రాజని పేదయని చూడదు. భేదమంతయు పడిన పిదప జరుగు దానియందే కలదు.

ఈ స్కాను యంత్రము యొక్క స్వభావమును కొంత తెలిసికొననిదే విషయము బోధపడదు. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్‌జెన్ పండితుడు ఎక్సు కిరణములను కనుగొనెను. ఆ కిరణములతో తీసిన చిత్రము ఎముకను చక్కగా చూపునుగాని మెదడు, కాలేయము మొదలగు మెత్తని యవయవములను విడదీసి చూపజాలదు. ఆ కొరతను తీర్చినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డు. ఆయన నిర్మించిన యంత్రముతో 1971 అక్టోబరు 1వ తేదీన లండను నగరమునందలి అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారిగా ఒక రోగి శిరస్సును పొరలు పొరలుగా చిత్రించిరి. పనసపండును కోయకయే లోపలి తొనలను లెక్కించినట్టి యద్భుతమది. 1979లో ఆయనకును, అందుకు కావలసిన గణితమార్గమును చూపిన అలన్ కార్మాకునకును నోబెలు బహుమానము లభించినది. నాడు లోకమున కొక వింతయైన యా యంత్రము నేడు మన జిల్లా పట్టణములలో నిత్యకృత్యమైనది. ఇది సంతోషింపదగిన విషయమే.

కాని దీపమున కొక గుణము కలదు. పోయిన యుంగరమునకై గదిలో దీపము వెలిగించితిమేని ఆ దీపము ఉంగరమును మాత్రమే చూపి యూరకుండదు. మూలనున్న పామును చూపును. పామువలె తోచు త్రాటిని గూడ చూపును. స్కాను యంత్రమును అట్టిదియే. తలకు తగిలిన దెబ్బను చూడబోయిన, చిరకాలమునుండి నిశ్శబ్దముగా నున్న కణితిని చూపును. ప్రక్కటెముకలను చూడబోయిన, ఊపిరితిత్తిలోని చుక్కను చూపును. నడుమును చూడబోయిన, మూత్రపిండములను, కాలేయమును, ఉదరమునందలి పెద్ద రక్తనాళమును గూడ చూపును. ఇట్లు వెదుకకయే దొరకిన గడ్డలకు పాశ్చాత్య వైద్యులు 1982లో 'ఇన్సిడెంటలోమా' యని ప్రత్యేకమైన పేరే పెట్టిరి. పేరు పెట్టవలసి వచ్చినదన్న నవి యెంత తరచుగా కానవచ్చుచున్నవో యూహింపవచ్చును.

వయసు పెరిగిన కొలది ఇట్టివి పెరుగును. హాలండు దేశమున రాటర్‌డామ్ నగరమందు నడివయసు దాటిన సామాన్య పౌరులు 2,000 మంది మెదడును ఎం.ఆర్.ఐ. యంత్రముతో చిత్రించి 2007లో ఫలితములను ప్రకటించిరి. నూటికి 7 మందికి పైగా తమకు తెలియకయే మెదడులో చిన్న పక్షవాతపు గుర్తులు గలవారై యుండిరి. నూటికి ఇంచుమించు ఇద్దరికి రక్తనాళమున నుబ్బు ఉండెను. నూటికి 1.6 వంతున అపాయకరము కాని కణితులుండెను. మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులలో గడ్డలు ఏబదియవయేట నూటికి ముగ్గురిలోను, ముదిమిలో నూటికి పదిమంది వరకును కానవచ్చునని 2016లో ఐరోపా వైద్యసంఘములు వ్రాసినవి. దొరకిన గడ్డలలో క్యాన్సరుగా తేలునవి యవయవమును బట్టి మారుచుండును. మెదడు, అడ్రినల్ గ్రంథుల విషయమున నూటికి అయిదుకంటె తక్కువ. మూత్రపిండము, థైరాయిడ్ గ్రంథుల విషయమున ఇంచుమించు నాలుగవ వంతు. 2018లో బ్రిటిషు మెడికల్ జర్నలు నందు ప్రకటితమైన సమీక్ష యిట్లు తేల్చినది. కావున ప్రతి మచ్చయు మృత్యువు కాదు. ప్రతి మచ్చయు మాయయు కాదు. పామేదో త్రాడేదో తేల్చి చెప్పువాడు కావలెను. అట్లు చెప్పువాడు లేకపోయిన నేమగునో మా యెరుకలోని రెండు సంగతులు తెలుపగలవు.

గోదావరి యొడ్డున నొక పల్లెలో డెబ్బదిరెండేండ్ల రైతు, మాకు బంధువు, రాత్రివేళ కొట్టములో కాలుజారి పడెను. తలకును నడుమునకును దెబ్బ తగిలినది. పట్టణమునకు గొనిపోయి స్కాను తీయించిరి. "తలలో నేమియు లేదు, భయపడవలదు" అని డాక్టరు చెప్పగా కొడుకులు ఊపిరి పీల్చుకొని, దారిలో కొబ్బరికాయ కొట్టి ఇల్లు చేరిరి. రిపోర్టును సంచిలో పెట్టి గూటమునకు తగిలించిరి. అందు రెండవ పుటలో, అడుగు పంక్తిలో, ఎడమ మూత్రపిండముపై మూడు సెంటీమీటర్ల గడ్డ యున్నదనియు, మరికొన్ని పరీక్షలు చేయింపవలెననియు ఇంగ్లీషున వ్రాసియుండెను. చిత్రమును చదివిన వైద్యుడు తన ధర్మమును నెరవేర్చెను, వ్రాసెను. దెబ్బను చూచిన వైద్యుడు తనకు కావలసిన పంక్తిని చదివి రోగి ప్రాణమునకు భయము లేదని సంతోషించెను. కొడుకులు డాక్టరు మాటను నమ్మిరి. పదునాలుగు మాసముల పిదప మూత్రమున నెత్తురు కనబడగా, సెలవులకు వచ్చిన మనుమరాలు గూటమునుండి సంచి దించి ఆ పంక్తిని చదివినది. అప్పటికి రోగ మూపిరితిత్తులకు ప్రాకెను. నేడాయన లేడు. ఇందు దుర్మార్గు డెవ్వడును లేడు. మువ్వురును తమ తమ పనులు చేసిరి. ఆ మువ్వురి పనులకు నడుమనున్న సందులో నొక ప్రాణము జారిపోయినది.

మూత్రపిండపు క్యాన్సరులలో సగమునకు మించినవి నేడిట్లే వేరొక కారణమున తీసిన చిత్రములలో బయటపడుచున్నవి. చిన్నదిగా నుండగనే దొరకిన గడ్డను తొలగించి రోగమును నయముచేయు సావకాశము మెండు. ఉదరమునందలి పెద్ద రక్తనాళముబ్బి యున్నప్పుడును ఇట్లే. దాని వెడల్పు మూడు సెంటీమీటర్లకు చేరిన ఉబ్బుగా పరిగణింతురు. పురుషులలో అయిదున్నర దాటిన శస్త్రచికిత్సను యోచింతురు. నడుమ దశలో నియమముగా కొలుచుచుండిన చాలును. కొలుచువాడు లేకపోయిన నది యొకనాడు పగిలి క్షణములలో ప్రాణము తీయవచ్చును. ఇట్టి రోగులకు వెదుకని తీగ తగులుట దైవానుగ్రహమే. ఆ యనుగ్రహమును మనము గూటమునకు తగిలించి యుంచుచున్నాము.

రెండవ సంగతి దీనికి విపరీతము. కొత్తగూడెము ప్రాంతమున బొగ్గుగనిలో పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధు డొకడు మెట్లపై పడెను. ప్రక్కటెముకకై తీసిన స్కానులో ఊపిరితిత్తియందు మచ్చ యొకటి కనబడెను. అచట నున్న వారెవ్వరో "క్యాన్సరు కావచ్చును" అని యొక్క మాట యనిరి. ఆ మాట యా యింట పిడుగైనది. కొడుకులు తండ్రికి చెప్పక, అప్పుచేసి, మున్నూరు కిలోమీటర్ల దూరము గల హైదరాబాదునకు గొనిపోయి, ఒక చోటినుండి వేరొక చోటికి త్రిప్పిరి. సూదితో ముక్క తీయగా ఊపిరితిత్తి గాలి కోల్పోయి ఆయన వారము దినములు మంచము పట్టెను. రెండెకరములు చేయి మారెను. తుదకు తేలినదేమన, ముప్పదియేండ్ల క్రిందట క్షయకు మందులు తిని నయము చేసికొన్న నాటి మానిన గాయపు గుర్తు అది. ఆనాటి ఎక్సురే చిత్రము ఇంటి ట్రంకుపెట్టెలోనే యుండెను. ఆ మచ్చ అందును అదే చోట, అదే పరిమాణమున నుండెను. పెట్టెను తెరువుడని యొక్కడైనను చెప్పియుండిన రెండెకరములు నిలిచియుండును. గోరుచుట్టుపై రోకటిపోటన నిదియే.

క్షయ విస్తారముగా నున్న దేశమున, బొగ్గుధూళి పీల్చిన వేలమంది వృద్ధులున్న సింగరేణి సీమలో, కట్టెపొయ్యి పొగలో బ్రదుకు వెళ్లబుచ్చిన తల్లులున్న పల్లెలలో ఊపిరితిత్తిపై మచ్చలుండుట వింత కాదు. ఆరు మిల్లీమీటర్లకు లోబడిన గట్టి చుక్కకు, క్యాన్సరు భయమునకు ప్రత్యేకకారణము లేనివారియందు, మరల మరల స్కాను అక్కరలేదని ఫ్లీష్నర్ సంఘము 2017లో నిర్ణయించినది. పాత చిత్రముతో పోల్చి చూచుట మచ్చల విషయమున మొదటి పరీక్ష. దానికి కాసు ఖర్చు లేదు. ఇక తొందరపాటు ఒక దేశమునంతటిని ముంచిన యుదాహరణము దక్షిణ కొరియా. అచట 1999లో ప్రభుత్వము క్యాన్సరు పరీక్షల పథకమును ప్రారంభింపగా, వైద్యులు కొద్ది రుసుముపై థైరాయిడ్ పరీక్షను గూడ చేర్చి చేయసాగిరి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సరని పేరు పడినవారు 1993 కంటె 15 రెట్లైరి. వారిలో నించుమించు అందరును గొంతుకోత కోయించుకొనిరి. ఆ రోగముతో చనిపోవువారి సంఖ్య మాత్రము మారలేదు. అనగా దీపము పెంచిరి. త్రాళ్ల నన్నిటిని పాములని కొట్టిరి.

ఈ రెండు సంగతులును పరస్పర విరుద్ధములుగా దోచును. ఒకచోట మౌనము చంపినది. వేరొకచోట మాట కూల్చినది. కాని రెంటికిని మూల మొక్కటియే. ఆ రిపోర్టు రోగికి వ్రాసినది కాదు. ఒక వైద్యుడు వేరొక వైద్యునికి వ్రాసిన లేఖ యది. పడినవాడు దానికి మోతగాడు మాత్రమే. తన దేహమునందలి వార్తను తానే మోసికొని పోవుచు, అందేమున్నదో తెలియనివాడు లోకమున వేరొక డుండునా? పొలము పట్టాను చదివించుకొననిదే వ్రేలిముద్ర వేయని రైతు, దేహపు పట్టాను చదివించుకొనకయే గూటమునకు తగిలించుచున్నాడు. స్వాతంత్ర్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటినను, తన కడుపులో నేమున్నదో తెలుగువానికి తెలుగున చెప్పు కాగిత మొక్కటి లేదు. కోర్టు తీర్పులు తెలుగున కావలెనని కోరితిమి. పాలన తెలుగున కావలెనని కోరితిమి. తీర్పు తప్పిన అప్పీలు కలదు. ఈ కాగితపు టర్థము తప్పిన అప్పీలు లేదు.

అడవిలోనికి పోయినకొలది ఈ చిక్కు మూడింతలగును. భద్రాచలపు టాసుపత్రికి దుమ్ముగూడెము, చర్ల మండలములనుండియే గాక చింతూరు, కూనవరములనుండియు, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు టడవిపల్లెలనుండియు రోగులు వత్తురు. 2014లో హద్దులు మారినపుడు భద్రాచల పట్టణము తెలంగాణయందును, దాని చుట్టుప్రక్కల పల్లెలు పెక్కులు ఆంధ్రప్రదేశమునందును చేరినవి. రాముని గుడికి నడచి రాదగిన పల్లెయొకటి వేరొక రాష్ట్రమైనది. రోగి హద్దు దాటి వచ్చును. ఆతని కాగితము హద్దు దాటి యాతని యూరి ఆశా కార్యకర్తకు చేరదు. ఈ రాష్ట్రపు దస్త్రమున ఆతడు లేడు. ఆ రాష్ట్రపు దస్త్రమున నా చిత్రము లేదు. ఇక భాష: ఇంగ్లీషున వ్రాసినది తెలుగున చెప్పవలెను, తెలుగున చెప్పినది కోయవారి యవ్వకు కోయభాషలో చెప్పవలెను. వానకాలమున వాగులు పొంగిన దారులే యుండవు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు దినముల తరబడి రాకపోకలు నిలిచిన సంగతి మరచినవా రెవరు? "మూడు నెలలకు మరల రమ్ము" అని కాగితముపై వ్రాయుట సులభము; ఆ మూడవ నెల ఆషాఢశ్రావణములలో పడినయెడల నా యవ్వ యెట్లు రాగలదో వ్రాయువాడు యోచింపవలదా?

వృద్ధుల విషయమున మరియొక మర్మము కలదు. వెదుకకయే దొరకినది కొన్నిసార్లు పడుటకే కారణమై యుండును. మెదడులోని పాత పక్షవాతపు గుర్తు నడకను తడబడజేసియుండవచ్చును. కొన్ని వారముల క్రిందట తగిలిన చిన్న దెబ్బచే తలలో మెల్లగా చేరిన నెత్తురు మతిమరుపుగాను, తూలుడుగాను కనబడి, "ముసలితనములే" యని కొట్టివేయబడి యుండవచ్చును. వెన్నుపూస యొకటి ఎప్పుడో నలిగి కుంగియున్నట్లు కనబడిన, ఎముకలు గుల్లబారినవని యర్థము. నేడు చికిత్స చేయకున్న రేపటి పడుటలో తుంటి విరుగును. క్యాన్సరను మాట వినగనే పట్నమునకు పరుగెత్తువారు కుంగిన పూస మాట వినిన నవ్వి యూరకుందురు. ఆపద మాటు దానియందే యుండుట కలదు.

మా వాదమునకు వైద్యుల పక్షమున గల సమాధానములను మే మెరుగుదుము. వారి మాటలయందు సత్యము లేకపోలేదు. అత్యవసర విభాగమున ఒక రాత్రి పదుల మంది గాయపడి వచ్చుచుండగా, ప్రతి మచ్చను కూర్చుండి బోధించుటకు తీరిక యెక్కడిది? నిజమే. అందుచేతనే ఆ పనిని తీరికగల వేరొకరికి నిర్ణయింపవలెనని మా కోరిక. మచ్చలన్నిటిని చెప్పిన ప్రజలు బెదరి అప్పులపాలగుదు రందురు. మేము చెప్పిన రెండవ సంగతియే దానికి సాక్ష్యము. కాని బెదరించినది వార్త కాదు. సగము చెప్పిన వార్త. "మచ్చ యున్నది, నూటికి ఇన్నిపాళ్లు భయము లేనిది, మొదట పాత చిత్రముతో పోల్చుడు, తొందర వలదు" అని నాలుగు మాటలు చెప్పియుండిన నా కుటుంబము బెదరియుండదు. ఇక మూడవ మాట బలమైనది: చికిత్స చేయించుకొన శక్తి లేనివానికి, ఎనుబది యేండ్ల పండుటాకునకు, తీరని రోగమును చెప్పుట క్రూరత్వము కాదా?

ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసిపుచ్చము. అన్నియు తెలిసికొనవలెనని యందరును కోరరు. రాముని దర్శనము చేసికొని కాలుసేతులాడుచుండగా పోవలెనని కోరు పెద్దలు మనలో ననేకులు. ఎనుబదియవయేట దొరకిన నిదానపు గడ్డను కదలింపకుండుటయే పెక్కు సందర్భములలో ఉత్తమవైద్యము. కాని కదలింపవలదని నిర్ణయించు నధికార మెవరిది? మన యిండ్లలో నేడు జరుగుచున్నదేమన, డాక్టరు కొడుకును ప్రక్కకు పిలుచును. కొడుకు తల్లికి చెప్పడు. తల్లి యందరి మొగములు చూచి యన్నియు గ్రహించి తానును మౌనము వహించును. ఊరి తగవులు తీర్చిన పెద్ద, పంచి యిచ్చిన పొలముల కొలతలు నేటికిని నోట చెప్పగల పెద్ద, తన దేహము విషయమున మాత్రము మైనరు బాలుడగుచున్నాడు. "ఇట్టిదొకటి కనబడినది, నీవు తెలిసికొనగోరుదువా?" అని యాయననే యడుగుడు. వలదనిన మానుడు. ఆ మాటయు కాగితముపై వ్రాసికొనుడు. అడుగకయే దాచుట ప్రేమ యని మన మనుకొనుచున్నాము; అది కొంతవరకు మన భయమే.

శాసనము మన పక్షముననే కలదు. ఆసుపత్రిలో చేరిన రోగి వైద్యపత్రములను మూడేండ్లు భద్రపరుపవలెననియు, రోగి గాని యాతని ప్రతినిధి గాని కోరిన 72 గంటలలో నీయవలెననియు భారత వైద్యమండలి 2002 నిబంధనలు విధించుచున్నవి. ఒక పరీక్షకై యిచ్చిన సమ్మతి వేరొక చికిత్సకు సమ్మతి కాజాలదనియు, ప్రాణాపాయ సమయమున తప్ప రోగికి తెలియజెప్పకయే ముందునకు పోరాదనియు సమీరా కోహ్లీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2008లో తీర్పు చెప్పినది. మొదటి నియమము దాచువారినుండి మనలను కాపాడును. రెండవది తొందరపెట్టువారినుండి కాపాడును. ఈ రెంటిని మన ఖమ్మము, కొత్తగూడెము పాఠకులలో నెందరు వినియోగించుకొనిరి? హక్కు పుస్తకమున నుండి ప్రయోజనమేమి? అడిగినవానికే అది హక్కు.

ధనము లేదనుటయు సరికాదు. తెలంగాణయందు 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచిరి. కొత్తగూడెమున 2022లోను, ఖమ్మమున 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. పది లక్షల చికిత్సకు ద్రవ్యము కలదు. పది పంక్తుల తెలుగునకు తీరిక లేదన్న నెవరు నమ్ముదురు?

కావున మేము కోరునవి స్వల్పములు. స్కాను రిపోర్టుతోకూడ తెలుగున నొక పుట యుండవలెను. అందు వెదుకకయే దొరకినదానిని మూడు తెగలుగా విభజించి వ్రాయవలెను: వెంటనే చూపించుకొనవలసినది, ఇన్ని నెలలకు మరల చూడవలసినది, భయపడ నక్కరలేనిది. మూత్రపిండమునందలి సామాన్యమైన నీటితిత్తి వంటివి మూడవ తెగలోనివని స్పష్టముగా వ్రాసిన, ఇంటిల్లిపాది నిద్రపోగలరు. ప్రతి ప్రభుత్వాసుపత్రిలోను ఈ కాగితములకు బాధ్యుడైన యుద్యోగి యొకడుండి, రోగి యూరి ఆశా కార్యకర్తకు వార్త చేర్చవలెను. ఆ యూరు గోదావరి కీవలనున్నను ఆవలనున్నను, ఏ రాష్ట్రమునకు చెందినను చేర్చవలెను. వైద్యవిద్యార్థులకు తెలుగున నొక పుట వ్రాయుటయు, కోయపల్లెల యువకులకు ఆ పుటను తమ భాషలో చెప్పుటయు నేర్పవలెను. ఇందు కొత్త యంత్రము లేదు. కొత్త భవనము లేదు.

ప్రభుత్వము కదలువరకు పాఠకులు చేతులు కట్టుకొని యుండవలసిన పనిలేదు. పెద్దలను ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చుటకు ముందు డాక్టరు నొక్క ప్రశ్న యడుగుడు: "దెబ్బ సంగతి తెలిసినది, దానికి సంబంధించనిదేమైన కనబడినదా?" రిపోర్టు కడపటి పంక్తివరకు చదివించుకొనుడు. పాత చిత్రములను పట్టాలతోపాటు పెట్టెలో దాచుడు. క్యాన్సరను మాట వినబడిననాడు పొలము బేరము పెట్టకుడు. వేరొక వైద్యుని యభిప్రాయము తెలిసికొనుడు. పెక్కు మచ్చల విషయమున వారము దినముల యాలస్యము ప్రాణము తీయదు. వారము దినముల తొందర పొలము తీయును. పాలేరు తల్లి పడిననాడును మీ తల్లి పడిననాటివలెనే ఆ కాగితమును తెప్పించి చదివి చెప్పుడు. ఊరిలో ఇంగ్లీషు చదువుకొన్నవాడు చేయదగిన ధర్మములలో నింతకంటె చౌకయైనది లేదు.

ఆ మనుమరాలు సంచి దించిననాడు ఇంటివారందరును ఆమె మొగమువైపు చూచుచుండిరట. ఆమె మొదటిసారి చదివి యేమియు చెప్పక, రెండవసారి చదివి, మూడవసారి తాతగారిని పిలిచి తెలుగున చెప్పినదట. తాతగారు విని, "ఈ మాట నాడే చెప్పియుండిన పోయెడిదిగదా, తల్లీ" అనిరట. ఆ మాటకు సమాధానము చెప్పవలసినవారము మనమందరము.